రేడియో గొంతు నొక్కుతున్న టీవీ గోల
తాళాన్ని కాస్త అటూ ఇటూ జరపడమే ఇంజనీర్ల ఉపాయం

సంతబొమ్మాళి : వాయుగుండం పట్టిందంటే భావనపాడు, మూలపేట తీరాల్లో వల కన్నా, తెడ్డు కన్నా ముందు కావలసింది కబురు. ఆ కబురు రేడియో పెట్టెలో నుంచో, పడవలోని వైర్‌లెస్ సెట్టులో నుంచో, సెల్‌ఫోను నుంచో రావాలి. సరిగ్గా ఆ వేళకు పెట్టెలో గుర్రుమనే గోల తప్ప మనిషి మాట వినపడకపోతే అంతకన్నా ఇబ్బంది లేదు. ఆ గోలకు గాలివాన, ఉరుములే కారణమనుకోవడం పరిపాటి. గోడకు తగిలించిన పల్చని టీవీ వల్ల కూడా అలా జరుగుతుందని చాలామందికి తెలియదు.

టీవీ బొమ్మలు చూపే పెట్టె మాత్రమే కాదు. ఎవరూ కోరకుండానే అది ఒక చిన్న రేడియో స్టేషనుగా కూడా పనిచేస్తుంది. దాని లోపలి నుంచి వెలువడే విద్యుత్ తరంగాలు గోడ దాటి పక్కింటి రేడియోలో దూరతాయి. ఈ గోలను అదుపులో పెట్టడానికి టీవీలు తయారుచేసేవారు వాడుతున్న ఉపాయాలలో ముఖ్యమైనది ‘స్ప్రెడ్ స్పెక్ట్రమ్ క్లాక్’. పేరు నోరు తిరగనిదైనా అందులోని కిటుకు నౌపడ ఉప్పు మళ్లలో పనిచేసేవారికి ఇట్టే అర్థమవుతుంది. అయితే ఆ ఉపాయం ఎంతవరకు మేలు చేస్తుందో, ఎక్కడ చేయదో కూడా తెలుసుకోవలసి ఉంది.

సెకనుకు 14 కోట్ల దెబ్బలు

టీవీ తెర మీద కనిపించే బొమ్మ అంతా చుక్కల ముగ్గు. ఫుల్ హెచ్‌డీ అని అమ్మే తెర మీద అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలుంటాయి. అంటే మొత్తం 20 లక్షల 73 వేల 600. సెకనుకు 60 సార్లు ఈ ముగ్గు అంతా చెరిపి మళ్లీ పెట్టాలి. వరుసకూ వరుసకూ మధ్య, బొమ్మకూ బొమ్మకూ మధ్య ఉండే విరామాలతో కలిపి లెక్కిస్తే సెకనుకు 14 కోట్ల 85 లక్షల చుక్కలవుతాయి.

ఇన్ని చుక్కలు ఒకటి వెనుక ఒకటి తప్పకుండా పడాలంటే తాళం కావాలి. తప్పెటగుళ్ల బృందంలో అడుగులన్నీ ఒకే దరువుకు పడినట్టు, టీవీలోని భాగాలన్నీ ఒకే విద్యుత్ దరువుకు నడుస్తాయి. దీనినే ఇంజనీర్లు ‘క్లాక్’ అంటారు. ఫుల్ హెచ్‌డీ టీవీలో ఆ దరువు వేగం 148.5 మెగాహెర్ట్జ్. చాలా టీవీల్లో పనిని రెండు దారుల్లో పంచి ఒక్కొక్క దారిలో 74.25 మెగాహెర్ట్జ్ దరువుతో నడిపిస్తారు.

ప్రధాన బోర్డు నుంచి తెర వెనుకనున్న టీ-కాన్ బోర్డుకు ఈ దరువును, చుక్కల సమాచారాన్ని చేరవేసేది ఎల్‌వీడీఎస్ కేబుల్. టీవీ విప్పి చూసిన మెకానిక్కులందరికీ ఇది పరిచయమే. మేడ మీద కట్టిన ఏరియల్ తీగ తరంగాన్ని పట్టుకున్నట్టే, ఈ కేబుల్ తరంగాన్ని బయటకు వదులుతుంది. పైగా విద్యుత్ దరువు నున్నగా ఉండదు. టక్కున లేచి టక్కున పడుతుంది. అలాంటి దరువు తన వేగంతో ఆగకుండా దానికి రెండింతలు, మూడింతలు, ఐదింతల వేగంతో కూడా తరంగాలు వదులుతుంది.

ఉదాహరణకు 33 మెగాహెర్ట్జ్ దరువుకు మూడింతలు 99. ఎఫ్ఎం రేడియో పాటలు వచ్చేది 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్యనే. 52.27 మెగాహెర్ట్జ్ దరువుకు మూడింతలు దాదాపు 156.8. సముద్రం మీద ఆపదలో ఉన్నవారు సాయం కోసం పిలిచే ఛానల్ 16 సరిగ్గా ఆ చోటనే ఉంది. తరంగానికి తన దారి, పరుల దారి అనే విచక్షణ ఉండదు.

పాత టీవీలూ తక్కువ తినలేదు

ఈ తగవు పల్చని టీవీలతో మొదలైనది కాదు. హైదరాబాదు దూరదర్శన్ 1977 అక్టోబరు 23న మొదలైంది. ఆ రోజుల్లో హైదరాబాదులోని ఈసీఐఎల్ సంస్థ చేసిన ఈసీ టీవీలు పేరుపొందాయి. ఆ తరం పెద్ద గాజు బుడ్డి టీవీల్లో బొమ్మను సెకనుకు 15,625 గీతలుగా గీసేవారు. ఆ గీతల దరువు రెట్లు మీడియం వేవ్ అంతటా 15.6 కిలోహెర్ట్జ్‌కు ఒకటి చొప్పున మేకుల వరసలా దిగేవి. విశాఖపట్నం ఆకాశవాణి మీడియం వేవ్ స్థానం 927 కిలోహెర్ట్జ్. టీవీ దరువుకు 59వ రెట్టు దాదాపు 922 దగ్గర పడుతుంది. రెంటికీ తేడా 5 కిలోహెర్ట్జ్. అదే రేడియోలో సన్నని ఈలగా వినిపించేది. టీవీ ముందు రేడియో పెట్టకూడదని పెద్దలు చెప్పడంలో ఇంత లెక్క ఉంది.

గాజు బుడ్డి పోయింది. దాని స్థానంలో వచ్చిన పల్చని తెర అంతకన్నా వేలరెట్లు ఎక్కువ వేగంతో దరువు వేస్తుంది. మీడియం వేవ్‌లో మొదలైన తగవు ఎఫ్ఎంకు, పడవ వైర్‌లెస్‌కు పాకింది.

గాలింపు బృందాన్ని రప్పించిన టీవీ

ఇది ఊహాగానం కాదనడానికి లోకంలో దాఖలాలున్నాయి. అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రం కోర్వాలిస్ పట్టణంలో 2004 అక్టోబరులో ఒక యువకుని ఇంటికి పోలీసులు, గాలింపు బృందంవారు కలిసి వచ్చారు. ఆ ఇంటి నుంచి 121.5 మెగాహెర్ట్జ్ మీద ఆపద సంకేతం వస్తోందని ఉపగ్రహం పట్టి చెప్పింది. కూలిన విమానాలు, మునుగుతున్న ఓడలు అప్పట్లో సాయం కోరిన స్థానం అది. తీరా వెతికితే సంకేతం వదులుతున్నది ఏడాది నాటి కలర్ టీవీ. దాన్ని కట్టి ఉంచకపోతే రోజుకు 10 వేల డాలర్ల జరిమానా పడుతుందని అధికారులు హెచ్చరించారు. 121.5 మీద వచ్చే సంకేతాలను ఉపగ్రహాలతో వినడం 2009 ఫిబ్రవరి 1 నుంచి మానేశారు. ఇలాంటి ఉత్తుత్తి సంకేతాల బెడద కూడా అందుకు ఒక కారణం.

బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో అబర్‌హోసన్ అనే చిన్న పల్లె ఉంది. అక్కడ ఏడాదిన్నర పాటు రోజూ ఉదయం 7 గంటలకు ఊరందరి ఇంటర్నెట్ కుంటుపడేది. తీగలు మార్చినా గుణం కనిపించలేదు. చివరకు ఇంజనీర్లు తరంగాలు పట్టే యంత్రం చేతపట్టుకొని తెల్లవారుజామున వీధివీధి తిరిగారు. ఒక ఇంట్లో రోజూ 7 గంటలకు వేసే పాత టీవీ దగ్గర గుట్టు బయటపడింది. ఈ సంగతి 2020 సెప్టెంబరులో లోకానికి తెలిసింది. టీవీ మానేశాక ఊరికి పీడ వదిలింది.

మత్స్యకారులకు మరింత దగ్గరి కబురు 2018 ఆగస్టు నాటిది. ఓడల్లో పెట్టిన ఎల్ఈడీ దీపాలు వీహెచ్ఎఫ్ వైర్‌లెస్‌ను చెడగొడుతున్నాయని అమెరికా కోస్ట్‌గార్డు హెచ్చరిక జారీ చేసింది. ఒక రేవు వద్ద గాలింపు కేంద్రంవారు పిలిచినా ఓడలో ఉన్నవారికి వినపడని ఉదంతాన్ని అందులో ఉదహరించారు. దీపం వేరు, టీవీ వేరు అయినా, రెంటిలోనూ కరెంటును వేగంగా కొట్టి ఆపే భాగాలే గోలకు మూలం.

ఉప్పు మడి కిటుకు

నౌపడ వైపు పొంగిన ఉప్పుటేరు నీరు ఒకేచోట గట్టును కొడితే గండి పడుతుంది. అదే నీటిని తూముల గుండా మళ్లన్నిటిలోకి వదిలితే చీలమండ లోతున నిలుస్తుంది. నీరు తగ్గలేదు. దెబ్బ తగ్గింది.

స్ప్రెడ్ స్పెక్ట్రమ్ క్లాక్ చేసే పని ఇదే. మామూలు దరువు 148.5 మెగాహెర్ట్జ్ దగ్గర కదలకుండా నిలబడితే దాని శక్తి అంతా ఆ ఒక్క చోట మేకులా నిలుస్తుంది. రేడియోలో ఆ చోటికి ముల్లు తిప్పితే గోల గట్టిగా ఉంటుంది. అందుచేత ఇంజనీర్లు దరువును కావాలనే కొద్దిగా తడబరుస్తారు. నూటికి అర వంతు హెచ్చు, అర వంతు తగ్గు. అంటే దరువు 147.76 నుంచి 149.24 మెగాహెర్ట్జ్ దాకా అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగడం సెకనుకు సుమారు 30 వేల సార్లు జరుగుతుంది.

గోలను కొలిచే ప్రయోగశాల యంత్రం ఒక్కసారిగా 120 కిలోహెర్ట్జ్ వెడల్పు కిటికీ లోంచి చూస్తుంది. మేకు కదలకుండా ఉంటే శక్తి అంతా ఒకే కిటికీలో కనిపిస్తుంది. ఒకటిన్నర మెగాహెర్ట్జ్ మేర పరచుకున్నప్పుడు సుమారు 12 కిటికీలు పంచుకుంటాయి. ఏ కిటికీలో చూసినా పదో వంతుకు అటూ ఇటూగా కనిపిస్తుంది. రెట్లలో ఊగడం మరింత వెడల్పు కనుక అక్కడ ఫలితం ఇంకా ఎక్కువ.

ఈ పద్ధతిని అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో కంప్యూటర్ ప్రింటర్లు చేసే లెక్స్‌మార్క్ సంస్థ ఇంజనీర్లు 1994లో ఒక ఇంజనీర్ల సభలో ప్రకటించారు. కీత్ హార్డిన్, జాన్ ఫెస్లర్, డొనాల్డ్ బుష్ ఆ పత్రం సమర్పించారు. దరువు నున్నని అలలా ఊగితే అంచుల దగ్గర ఎక్కువసేపు ఆగి అక్కడ శక్తి గుట్టపడుతుందని వారు గమనించి, మధ్యలో నెమ్మదిగా, అంచుల్లో వేగంగా నడిచేలా ఊపు తీరును తీర్చారు. దాని గీత ఒక రకం చాక్లెట్ బిళ్ల ఆకారంలో ఉండటంతో ఆ చాక్లెట్ పేరే దానికి స్థిరపడింది. ప్రింటర్లలో పుట్టిన పద్ధతి కంప్యూటర్లకు, అక్కడి నుంచి టీవీలకు చేరింది.

బొమ్మకు చెడుపు లేదు

దరువు తడబడితే బొమ్మ కదలదా అనే అనుమానం సహజమే. దరువూ చుక్కలూ కలిసే ఊగుతాయి. మేళగాడు కాస్త వేగం పెంచితే ఆటగాళ్లు కూడా వెంటనే అందుకున్నట్టు, తెర వైపు ఉన్న చిప్ దరువును అనుసరిస్తూ పోతుంది. నూటికి అర వంతు ఊపును కన్ను పసిగట్టలేదు.

మితిమీరితే మాత్రం చెడుపే. ఊపు మరీ వెడల్పైనా, మరీ వేగమైనా తెర చిప్ దరువును అందుకోలేదు. అప్పుడు బొమ్మ మీద చుక్కలు రాలడం, తెర వణకడం కనిపిస్తాయి. చాలా టీవీల సర్వీసు మెనూలో ఎస్ఎస్‌సీ అనే అమరిక ఉంటుంది. బొమ్మ వణుకుతోందని దానిని పూర్తిగా ఆపేస్తే వణుకు ఆగవచ్చు గాని గోల ఇరుగుపొరుగు రేడియోలకు బదిలీ అవుతుంది. మెకానిక్కులు కేబుల్ బిగువు, కనెక్టరుకు పట్టిన ఉప్పుగాలి తుప్పు ముందు చూసి, ఆ తరువాతనే ఆ అమరిక జోలికి పోవడం మంచిది. తీర ప్రాంతంలో కనెక్టర్లకు తుప్పు పట్టడం కొత్త సంగతి కాదు.

గోల పోదు, పరచుకుంటుంది

ఇంతవరకు బాగానే ఉంది. అసలు చిక్కు ఇక్కడే. తరంగం మొత్తం శక్తి ఒక్క పిసరు కూడా తగ్గదు. పరీక్ష యంత్రం ఏ ఒక్క కిటికీలోనూ హద్దు దాటలేదని చెబుతుంది. పరీక్ష నెగ్గుతుంది. అయితే ఇంతకుముందు ఒక్క ఛానల్‌లో గట్టిగా వినిపించే గోల ఇప్పుడు పక్క ఛానళ్లన్నిటిలో పల్చగా చేరుతుంది. దగ్గరి స్టేషను గట్టిగా వస్తుంటే ఆ పల్చని గోల లెక్కలోకి రాదు. దూరాన ఉన్న పడవ నుంచి బలహీనంగా వచ్చే పిలుపు విషయంలో అలా అనుకోవడానికి లేదు. ఆ పిలుపు నిలిచేది చీలమండ లోతు నీటి అంచునే. ఈ ఉపాయం గోలను మాయం చేయదు, దాచిపెడుతుందనే విమర్శ ఇంజనీర్లలోనే ఉంది.

రెండో చిక్కు కూడా ఉంది. మీడియం వేవ్ రేడియోలో వినిపించే గుర్రు శబ్దానికి చాలావరకు టీవీ చుక్కల దరువుతో సంబంధం ఉండదు. కరెంటును మార్చే పవర్ సప్లయి, తెర వెనుక దీపాలను నడిపే భాగం అందుకు కారణం. అక్కడ కూడా దరువును ఊపే పద్ధతి వాడుతున్నారు. కాని ఆ గోల కరెంటు తీగ వెంట ఇంటింటికీ పాకుతుంది గనుక తీగ మొదట్లోనే చుట్టలు, కండెన్సర్లతో ఫిల్టరు కట్టాలి. చవక సరుకులో కొన్నిటికి బోర్డు మీద ఆ భాగాలకు చోటు ఉంటుంది, భాగాలు ఉండవు.

అందుచేత మంచి టీవీలో రేకు కప్పు, సరైన ఎర్తింగు, కేబుల్ చుట్టూ ఫెరైట్ గుండు, తీగ మొదట్లో ఫిల్టరు ముందుగా ఉండాలి. దరువు ఊపడం వాటికి తోడు కావాలి తప్ప వాటికి బదులు కారాదు.

విశాఖలో పరీక్ష, తిరుపతిలో తయారీ

రేడియో గోలకు హద్దులు నిర్ణయించే అంతర్జాతీయ సంఘం సిస్పర్ 1934 నుంచి పనిచేస్తోంది. ఇళ్లలో వాడే యంత్రాలకు అమెరికా పెట్టిన హద్దు చూస్తే విషయం ఎంత సున్నితమో తెలుస్తుంది. 30 నుంచి 88 మెగాహెర్ట్జ్ మధ్య, యంత్రానికి 3 మీటర్ల దూరంలో తరంగం బలం మీటరుకు 100 మైక్రోవోల్టులు దాటకూడదు. ఒక వోల్టులో అది పదివేలో వంతు.

ఇంత చిన్న కొలతకు బయటి తరంగం చొరబడని గది కావాలి. గోడలకు సూది మొనల్లాంటి నురుగు దిమ్మెలు తాపడం చేసి, మధ్య తిరుగుడు బల్ల మీద టీవీని ఉంచి, ఎదుట ఏరియల్ పెట్టి నలువైపులా కొలుస్తారు. ఇలాంటి పరీక్షల కోసం ఏర్పడిన సమీర్ సంస్థ కేంద్రం విశాఖపట్నం దగ్గర గంభీరంలో ఉంది. టీవీల తయారీ కూడా రాష్ట్రానికి కొత్తది కాదు. తిరుపతిలోని డిక్సన్ కర్మాగారంలో షావొమీ టీవీలు తయారవుతున్నట్టు 2018 అక్టోబరులో ప్రకటించారు.

దుకాణంలో సరుకు మీద ఉండే ముద్రల సంగతి కూడా తెలిసి ఉండాలి. మన దేశంలో టీవీలకు తప్పనిసరి చేసిన రిజిస్ట్రేషను ప్రధానంగా షాకు, నిప్పు నుంచి రక్షణకు సంబంధించినది. రేడియో గోల తక్కువని దాని అర్థం కాదు.

తుపాను ముందే జాగ్రత్త

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు పోయాక టీవీ ఉండదు, ఎల్ఈడీ దీపం ఉండదు, వాటి గోలా ఉండదు. సెల్ టవర్లు కూడా మూగపోయిన చోట బ్యాటరీ రేడియోకు మించిన దిక్కు లేదు. గోల వల్ల ముప్పు అంతకు ముందు రోజు, కరెంటు ఉండగా, ఊరంతా టీవీలు వేసుకొని ఉన్నప్పుడు. కబురు అందవలసింది కూడా సరిగ్గా అప్పుడే.

అందుకు ఖర్చు లేని ఉపాయాలు ఉన్నాయి. రేడియోలో గోల వస్తే ఇంట్లో టీవీ, ఎల్ఈడీ దీపాలు, ఛార్జర్లు ఒక్కొక్కటిగా ప్లగ్గు నుంచి తీసి చూడాలి. రిమోటుతో ఆపితే చాలదు, లోపలి పవర్ సప్లయి నడుస్తూనే ఉంటుంది. ఏది తీసినప్పుడు గోల ఆగితే అదే దొంగ. మీడియం వేవ్ రేడియోను నేల మీద ఉంచి నెమ్మదిగా గుండ్రంగా తిప్పితే ఒక దిక్కున గోల బాగా తగ్గుతుంది. లోపలి ఏరియల్ కడ్డీకి దిక్కు పట్టింపు ఉండటమే అందుకు కారణం. టీవీకి నాలుగు బారలు దూరంగా, వీలైతే అరుగు మీదకు రేడియోను తెచ్చుకుంటే మరీ మంచిది. కరెంటు తీగకు, కేబుల్‌కు ఫెరైట్ గుండు తగిలిస్తే కొంత గుణం కనిపిస్తుంది.

వీహెచ్ఎఫ్ సెట్టు ఉన్న పడవల్లో వేటకు పోయే ముందు మరొక పరీక్ష చేసుకోవచ్చు. అమెరికా కోస్ట్‌గార్డు చెప్పిన పద్ధతే ఇది. ముందు దీపాలన్నీ ఆపాలి. సెట్టును ఎవరూ మాట్లాడని ఛానల్‌లో పెట్టి, స్క్వెల్చ్ మీటను గుర్రు వినిపించేదాకా తిప్పి, మళ్లీ అది ఆగేంతవరకే వెనక్కి తేవాలి. అప్పుడు దీపాలు, తెర ఉన్న పరికరాలు ఒక్కొక్కటిగా వేయాలి. గుర్రు తిరిగి వస్తే ఆ పరికరం దూరపు పిలుపులను మింగేస్తోందని అర్థం. దానిని మార్చాలి, లేదా ఏరియల్‌కు దూరంగా జరపాలి.

మూలపేటలో ఓడరేవు పనులకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. ఓడలు తిరిగే నీటిలో చిన్న పడవలకు వైర్‌లెస్ మరింత అవసరం. తుపాను జాగ్రత్తలు చెప్పే సభల్లో బియ్యం, కిరసనాయిలు, తాళ్లతో పాటు ఈ రేడియో పరీక్షను కూడా మత్స్యకారులకు చూపించడం అధికారులకు పెద్ద పని కాదు. టీవీ కొనేవారు తెర ఎన్ని అంగుళాలని అడుగుతున్నారు. దుకాణంలో దాని పక్కనే ఒక ట్రాన్సిస్టరు పెట్టించి చూడటం కూడా అలవాటు చేసుకుంటే చవక సరుకు బండారం అక్కడికక్కడే బయటపడుతుంది.